డ్రైవర్ లేని రైళ్లు మన జిల్లాలోనే తయారవుతున్నాయి: ఏఐ కాలంలో మన ఇళ్ల ఉపాధి ఏమవుతుంది?

చెన్నై మెట్రో రెండో దశకు డ్రైవర్ అవసరం లేకుండా నడిచే రైళ్లు కావలసి వచ్చాయి. వాటిలో 78 బోగీల ఆర్డర్ ఆల్‌స్టామ్ కంపెనీకి దక్కింది. ఆ బోగీలు తయారవుతున్నది ఎక్కడో విదేశంలో కాదు, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే. మొదటి రైలు 2024లో ఇక్కడి నుంచి చెన్నై డిపోకు చేరింది.

చంద్రగిరి కూడా ఇదే జిల్లాలో ఉంది. ఈ ప్రాంతంలో చాలా ముస్లిం కుటుంబాలు ఆటో, కారు, లారీ స్టీరింగ్ మీదే బతుకుతున్నాయి. తిరుమల యాత్రికులను తిప్పే టాక్సీలు కొందరివి. లైసెన్సు పట్టుకుని కువైట్, సౌదీ, దుబాయ్ వీసా కోసం తిరిగేవాళ్లు ఇంకొందరు. అంటే ఒకే జిల్లాలో ఒక యువకుడికి రైలు బోగీకి వైరింగ్ చేసే పని దొరికింది. ఆ రైలులో డ్రైవర్ సీటు మాత్రం ఉండదు.

అందుకే "యంత్రాలు వస్తే ఉద్యోగాలు పోతాయా, పెరుగుతాయా?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేం. రెండూ జరుగుతాయి. కానీ పోయేది ఒక ఇంట్లో, వచ్చేది ఇంకో ఇంట్లో అయితే పోయిన ఇంటి సంగతేంటి? కొడుకును ఏ కోర్సులో చేర్చాలి, కూతురి డిగ్రీకి రేపు విలువ ఉంటుందా, గల్ఫ్‌కు అప్పు చేసి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు కావలసింది ఈ ప్రశ్నకు జవాబు. దానికి ముందు అసలు ఏం జరుగుతోందో అర్థం చేసుకోవాలి.

ఆటోమేషన్ అంటే ఏమిటి, ఏఐ అంటే ఏమిటి?

ఈ రెండు మాటలనూ చాలామంది ఒకటే అనుకుంటారు. తేడా తెలుసుకోవడానికి బోరు మోటారు చాలు.

వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో రైతు చీకట్లో లేచి పొలానికి పోయి మోటారు వేయాల్సి వచ్చేది. పాము కరిచి, షాకు కొట్టి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. తర్వాత ఆటో స్టార్టర్ వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఇది ఆటోమేషన్. మనిషి ముందే చెప్పి పెట్టిన ఒకే పనిని యంత్రం ప్రతిసారీ అలాగే చేస్తుంది. నీళ్లు అవసరమా, మడి నిండిందా అన్నది దానికి తెలియదు.

కృత్రిమ మేధ, అంటే ఏఐ, వేరుగా పనిచేస్తుంది. దానికి నియమాలు ఒక్కొక్కటీ రాసి ఇవ్వరు. ఉదాహరణలు చూపిస్తారు. మంచి టమాటా ఫొటోలు, మచ్చ ఉన్న టమాటా ఫొటోలు వేల సంఖ్యలో చూపిస్తే, కొత్త టమాటాను చూసి ఇది ఏ రకమో అంచనా వేయడం నేర్చుకుంటుంది. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ కూడా ఇలాంటిదే. కోట్లాది పేజీల రాతను చూసి, ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టడం నేర్చుకుంది. అందుకే ఉత్తరం రాస్తుంది, అనువాదం చేస్తుంది, కంప్యూటర్ ప్రోగ్రాం కూడా రాస్తుంది. అంచనా కాబట్టి పూర్తి ధీమాగా తప్పు కూడా చెబుతుంది.

పాత యంత్రం ఎక్కువగా చేతి పనిని తీసుకుంది. ఏఐ కాగితం పని, మాట పని, లెక్క పని వైపు వచ్చింది. చదువుకుంటే యంత్రం నుంచి తప్పించుకోవచ్చన్న పాత నమ్మకం ఇక్కడే కదిలింది.

ఆటో స్టార్టర్ కథలో ఇంకో భాగం ఉంది. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి తిరిగితే లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుకే విద్యుత్ శాఖ వాటిని తీసేయమని రైతులకు చెబుతూ వచ్చింది. ఒక్కరు పెట్టుకుంటే సౌకర్యంగా ఉన్నది, అందరూ పెట్టుకుంటే ఊరికే ఇబ్బంది అయింది. ఏఐని కూడా ఇలాగే చూడాలి. ఒక దుకాణదారు లెక్కలకు సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే అతనికి మేలే. ఊళ్లో దుకాణాలన్నీ ఒకే సంవత్సరంలో గుమాస్తాను మానేస్తే ఆ గుమాస్తాలందరూ ఒకేసారి రోడ్డున పడతారు.

మన సమాజానికి ఇది మొదటిసారి కాదు

యంత్రం వచ్చి వృత్తిని మార్చేసిన కథ తెలుగు ముస్లింలకు కొత్తది కాదు. దూదేకుల కుటుంబాలనే చూడండి. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని కూడా పిలిచే ఈ సమాజం ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. పత్తిని ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం వీళ్ల కులవృత్తి. పెద్ద విల్లులాంటి సాధనానికి కట్టిన నారిని కొయ్య గుండుతో కొడుతుంటే ఆ అదురుకు గింజ, చెత్త పోయి దూది మెత్తగా విచ్చుకునేది. ఊరూరా తిరిగి ఇంటి ముందే కూర్చుని పరుపు కుట్టి ఇచ్చేవాళ్లు.

కరెంటుతో నడిచే దూది ఏకే యంత్రం వచ్చాక, రోజంతా విల్లుతో చేసే పని గంటల్లో అయిపోయింది. యంత్రం కొనగలిగినవాళ్లు దుకాణం పెట్టుకుని నిలబడ్డారు. కొనలేనివాళ్లు కూలికి పోయారు, లేదా వేరే పని వెతుక్కున్నారు. ఆ తర్వాత ఫోమ్ పరుపులు వచ్చాయి. ఈసారి యంత్రం కొన్నవాళ్లకే దెబ్బ తగిలింది, ఎందుకంటే దూది పరుపు అడిగేవాళ్లే తగ్గిపోయారు. పనిని వేగంగా చేసే యంత్రం ఒక రకం, ఆ పనితో అవసరమే లేకుండా చేసే మార్పు ఇంకో రకం. మొదటిదానికి సిద్ధపడినవాళ్లు కూడా రెండోదానికి చిక్కారు.

ఇంకో ఉదాహరణ ఉర్దూ పత్రికలది. నస్తాలిఖ్ లిపిలో అక్షరాలు ఒకదాని మీదకి ఒకటి వాలుతూ పోతాయి కాబట్టి, సీసపు అచ్చులతో కూర్చడం చాలా కష్టం. అందుకే ఉర్దూ పేపర్లు పేజీ మొత్తం చేతితో రాయించేవి. రాసేవాళ్లను కాతిబ్‌లు అంటారు. వాళ్ల కితాబత్‌ను ప్లేటుగా చేసి అచ్చు వేసేవారు. 1981లో నూరీ నస్తాలిఖ్ అనే కంప్యూటర్ లిపి, 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాయి. కొన్నేళ్లలోనే పత్రికాఫీసుల్లో కాతిబ్‌ల బల్లలు ఖాళీ అయ్యాయి. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక లాంటిది దశాబ్దాల పాటు చేతిరాతతోనే వచ్చినా, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

కాతిబ్‌లలో కీబోర్డు నేర్చుకున్నవాళ్లు డీటీపీ ఆపరేటర్లు అయ్యారు. అక్షరం అందం తెలిసిన చెయ్యి కాబట్టి పేజీ కూర్చడంలోనూ ముందుండగలిగారు. వయసు మళ్లినవాళ్లకు ఆ దారి అంత సులువుగా దొరకలేదు. ఇన్‌పేజ్ వల్ల ఉర్దూ పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు వేయడం చౌకైంది. చిన్న ఊళ్లో కూడా ఉర్దూ ముద్రణ సాధ్యమైంది. సమాజానికి లాభం, ఒక తరం కాతిబ్‌లకు నష్టం. రెండూ నిజమే.

టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైతే ఉద్యోగం గ్యారంటీ అనుకున్న రోజులు, ఊరి సెంటర్లో ఎస్‌టీడీ బూత్ పెట్టుకుని కుటుంబాన్ని పోషించిన రోజులు చాలామందికి గుర్తున్నాయి. రెండూ పోయాయి. వాటి చోట మొబైల్ షాపులు, రిపేరు సెంటర్లు, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల దుకాణాలు వచ్చాయి. అయితే బూత్ మూసినవాడే మొబైల్ షాపు తెరిచాడని చెప్పలేం.

పోయేది ఉద్యోగమా, ఉద్యోగంలోని పనులా?

ఏ ఉద్యోగమైనా ఒకే పని కాదు, కొన్ని పనుల మూట. యంత్రం సాధారణంగా ఆ మూటలోంచి కొన్ని పనులను లాక్కుంటుంది. మిగిలిన పనులకు విలువ ఉంటే ఉద్యోగం మారి నిలబడుతుంది. మిగిలేది ఏమీ లేకపోతే ఉద్యోగమే పోతుంది.

మీసేవ కేంద్రాన్ని తీసుకుందాం. 2011లో మీసేవ మొదలైందే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో. అప్పటిదాకా మండలాఫీసు గుమాస్తా చుట్టూ తిరిగితే వచ్చే సర్టిఫికెట్, కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ దగ్గరికి వచ్చింది. అది ఒక మార్పు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో "మన మిత్ర" సేవలు ప్రారంభించింది. మొదటి దశలోనే 161 సేవలు ఇచ్చారు. అంటే అప్పుడు గుమాస్తా పని ఆపరేటర్ చేతికి వస్తే, ఇప్పుడు ఆపరేటర్ పని జనం చేతిలోని ఫోన్‌కు పోతోంది.

అయితే మీసేవ ఆపరేటర్ రోజూ చేసే పనులు ఒకసారి లెక్కపెట్టండి. ఫారం నింపడం, ఫీజు కట్టడం, ప్రింటు తీయడం ఒక భాగం. ఇవి ఫోన్లో అయిపోతాయి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉన్న ముసలామెకు ఏ కాగితం ముందు సరిచేయించుకోవాలో చెప్పడం ఇంకో భాగం. అప్లికేషన్ ఎందుకు తిరస్కరించారో కనుక్కుని మళ్లీ పెట్టించడం మరో భాగం. ఈ రెండూ చేసే ఆపరేటర్ దగ్గరికి జనం వస్తూనే ఉంటారు. బటన్లు మాత్రమే నొక్కే ఆపరేటర్‌కు కష్టకాలం.

ఇదే లెక్క మిగతా వృత్తులకూ వేసుకోవచ్చు.

అకౌంటెంట్: బిల్లులు ఎక్కించడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. జీఎస్టీ నోటీసు వస్తే దుకాణదారు పక్కన కూర్చుని జవాబు తయారుచేసే మనిషి కావాలి.

టైలర్: ఒకే కొలతలో వంద చొక్కాలు కుట్టే పనిని ఫ్యాక్టరీ ఎప్పుడో తీసుకుంది. పెళ్లికూతురి బట్టలు, కొలత సరిచేయడం, పాతదాన్ని మార్చి కుట్టడం ఇంకా చేతి పనే.

మెకానిక్: ఎలక్ట్రిక్ బండికి ఇంజన్ ఆయిల్ లేదు, కార్బొరేటర్ లేదు. ఆ పనులు తగ్గిపోతాయి. బ్యాటరీ, కంట్రోలర్, వైరింగ్ తెలిసినవాడికి పని పెరుగుతుంది.

టీచర్: ప్రశ్నపత్రం తయారుచేయడం ఏఐ చేయగలదు. వెనకబడిన పిల్లాడి భయం ఎక్కడుందో గమనించి చేయి పట్టుకోవడం దానివల్ల కాదు.

ప్లంబింగ్, వెల్డింగ్, ఎలక్ట్రికల్ పనుల మాటేంటి? ప్రతి ఇల్లూ వేరు, ప్రతి గోడా వేరు. మెట్ల కింద దూరి పైపు బిగించే రోబో చవకగా దొరికే రోజు దగ్గరలో లేదు. మన ఇళ్లలో "చదువు అబ్బలేదు కాబట్టి" అని చిన్నచూపు చూసే చేతి పనుల్లో చాలావాటికి ఏఐ నుంచి వెంటనే ముప్పు తక్కువ.

అంకెలు ఏం చెబుతున్నాయి?

అంతర్జాతీయ ద్రవ్యనిధి 2024 జనవరిలో ఇచ్చిన అంచనా ప్రకారం, ప్రపంచంలోని ఉద్యోగాల్లో సుమారు 40 శాతం మీద ఏఐ ప్రభావం పడుతుంది. ధనిక దేశాల్లో అది 60 శాతం దాకా ఉంటుంది, పేద దేశాల్లో 26 శాతం. ప్రభావం అంటే అన్నీ పోతాయని కాదు. కొన్నింట్లో మనిషి పని వేగం పెరుగుతుంది, కొన్నింట్లో మనిషి అవసరం తగ్గుతుంది.

ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదికలో, 2030 నాటికి 9.2 కోట్ల ఉద్యోగాలు పోయి 17 కోట్లు కొత్తగా వస్తాయని అంచనా వేసింది. వినడానికి బాగుంది. కానీ పోయే ఉద్యోగం చిత్తూరులో ఉండి, వచ్చే ఉద్యోగం వేరే దేశంలో ఉంటే మొత్తం లెక్క కలిసివచ్చినా ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో చేసిన అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువ ముప్పు గుమాస్తా తరహా పనులకే అని తేలింది. డేటా ఎంట్రీ, టైపింగ్, ఫైళ్లు, కాల్ సెంటర్ లాంటివి ఇవి. ఈ పనుల్లో ఆడవాళ్లు ఎక్కువ కాబట్టి వాళ్లపై ప్రభావం మగవాళ్ల కంటే ఎక్కువ. ఇది మన కుటుంబాలు ఆలోచించాల్సిన విషయం. ఎండలో తిరిగే పని కాదు, ఆఫీసులో కూర్చుని చేసేది, కొన్నిసార్లు ఇంటి నుంచే చేయొచ్చు అని ఆడపిల్లలకు ఎంచుకునే డేటా ఎంట్రీ, కంప్యూటర్ ఆపరేటర్ లాంటి ఉద్యోగాలే ముందు వరసలో ఉన్నాయి. దీనికి మందు ఆడపిల్లల చదువు ఆపడం కాదు. ఎంఎస్ ఆఫీస్ సర్టిఫికెట్ దగ్గర ఆగకుండా, అకౌంట్స్, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ, టీచింగ్ లాంటి ఒక రంగంలో లోతుగా చదివించడం.

ఐటీ ఉద్యోగం మీదా పాత భరోసా లేదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. కారణం ఏఐ కాదని, కొత్త పనులకు తగ్గ నైపుణ్యం కుదరకపోవడమని కంపెనీ చెప్పింది. ఎక్కువగా ప్రభావం పడింది మధ్య, పై స్థాయి ఉద్యోగులపై. చంద్రగిరి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఒకసారి ఉద్యోగంలో చేరితే రిటైర్మెంట్ దాకా ఒకే పరిజ్ఞానంతో నెట్టుకురావడం ఇక కుదరదు.

శ్రీసిటీలో ఏం జరుగుతోంది?

మన జిల్లాలో కొత్త ఫ్యాక్టరీలు చాలామందికి ఉపాధి ఇచ్చాయి. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ మొబైల్ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ పనిచేసినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలే. ఫోన్ తయారీలో సర్క్యూట్ బోర్డు మీద ఆవగింజ కంటే చిన్న భాగాలను పెట్టేది యంత్రమే. ఆ బోర్డును కవర్లో కూర్చడం, స్క్రూలు బిగించడం, పరీక్షించడం, ప్యాక్ చేయడం మనుషుల పని.

ఈ రెండో భాగం ఎప్పటికీ మనుషులదేనా? 2016లో చైనాలోని కున్షాన్‌లో ఇదే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ రోబోలు పెట్టి సిబ్బందిని 1,10,000 నుంచి 50,000కు తగ్గించిందని అక్కడి అధికారి చెప్పినట్టు వార్తలు వచ్చాయి. చైనాలో జీతాలు పెరిగాక రోబో పెట్టడం కంపెనీకి గిట్టుబాటు అయింది. మన దగ్గర జీతాలు తక్కువ కాబట్టి ఇప్పుడు మనిషే చౌక. రోబో ధర తగ్గేకొద్దీ ఈ లెక్క మారుతుంది.

అందుకని ఆ ఉద్యోగాలు వద్దనుకోవాల్సిన పనిలేదు. వచ్చిన జీతంతో చాలా ఇళ్లు నిలబడ్డాయి. కానీ లైన్లో ఒకే స్క్రూ బిగించే చోట పదేళ్లు ఉండిపోకూడదు. యంత్రం ఆపరేటింగ్, క్వాలిటీ చెకింగ్, మెయింటెనెన్స్ వైపు మారే అవకాశం ఉందా అని చేరిన మొదటి సంవత్సరంలోనే అడగాలి. రోబో వచ్చినా దాన్ని బాగుచేసే మనిషి కావాలి. పదిమంది చోట ఒకరే కావాలి, ఆ ఒకరు ఎవరన్నదే ప్రశ్న.

గల్ఫ్ కలలో మారుతున్న లెక్క

కడప, రాయచోటి, చిత్తూరు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే మగవాళ్లలో డ్రైవర్లు చాలామంది. దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబరులో మొదలైన రోజు నుంచే డ్రైవర్ లేకుండా నడుస్తోంది. 2024 డిసెంబరులో మొదలైన రియాద్ మెట్రో కూడా అంతే. 2030 నాటికి నగరంలో జరిగే ప్రయాణాల్లో 25 శాతం స్వయంచాలకంగా నడిచే వాహనాల్లోనే జరగాలని దుబాయ్ 2016లోనే లక్ష్యం పెట్టుకుంది. అబుదాబిలో 2024 డిసెంబరులో ఊబర్ యాప్‌లో స్వయంచాలక టాక్సీలు వచ్చాయి. మొదట్లో వాటిలో భద్రత కోసం మనిషి కూర్చునేవాడు.

డ్రైవర్ ఉద్యోగాన్ని దెబ్బతీసేది యంత్రం ఒక్కటే కాదు. సౌదీలో 2018 జూన్ నుంచి ఆడవాళ్లు కారు నడపవచ్చు. ఇంటి కారుకు డ్రైవర్‌ను పెట్టుకోవాల్సిన అవసరం ఆ మేరకు తగ్గింది. చట్టం, ఆచారం, యంత్రం మూడూ కలిసి మార్పు తెస్తాయి.

గల్ఫ్‌లో డ్రైవర్లందరూ రేపే ఇంటికి వచ్చేస్తారని దీని అర్థం కాదు. పెద్ద ట్రక్కులు, క్రేన్లు, నిర్మాణ స్థలాల్లో నడిపే వాహనాలకు మనుషులు ఇంకా కావాలి. కానీ ఇప్పుడు 20 ఏళ్ల వయసున్న కుర్రాడు 50 ఏళ్లు వచ్చేదాకా లైట్ డ్రైవింగ్ వీసా మీదే ఆధారపడవచ్చని అనుకోవడం ప్రమాదం. లక్షలు అప్పు చేసి వెళ్లే కుటుంబం ఆ అప్పు ఎన్నేళ్లలో తీరుతుందో, ఆ పని అన్నేళ్లు ఉంటుందో లేదో లెక్క వేసుకోవాలి. లైసెన్సుతో పాటు ఏసీ మెకానిజం, ఎలక్ట్రికల్, హెవీ వాహనం లాంటి రెండో నైపుణ్యం చేతిలో ఉంటే బేరమాడే బలం ఉంటుంది. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవడం అన్నిటికంటే ముందు పని.

యంత్రం తీర్పు చెబితే

ఏఐ వల్ల సమాజంలో వచ్చే మార్పు ఉద్యోగాలతో ఆగదు. ఎవరికి రేషన్ ఇవ్వాలి, ఎవరికి అప్పు ఇవ్వాలి, ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలి అన్న నిర్ణయాల్లో కంప్యూటర్ మాట చెల్లుబాటు అవుతోంది.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేర్లు, చిరునామాల ఆధారంగా కలిపి ఒక కుటుంబానికి ఏమేం ఆస్తులున్నాయో చెబుతుంది. హైదరాబాద్‌లో ఒక పేద వృద్ధురాలికి రేషన్ కార్డు పోయింది. ఆమె భర్త రిక్షా కార్మికుడు. పేరు దగ్గరగా ఉన్న వేరొకరి కారును కంప్యూటర్ ఆయన ఖాతాలో వేసింది. ఈ సంగతి 2024లో అల్ జజీరా పరిశోధన కథనంలో బయటికి వచ్చింది. అంతకుముందే, ఇంటికి వెళ్లి చూడకుండా కంప్యూటర్ లెక్కతో సుమారు 19 లక్షల కార్డులు రద్దు చేశారన్న కేసులో, వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ కథ మన ఇళ్లకు మరీ దగ్గరది. ఒకే ఊళ్లో ఒకే పేరుతో నలుగురు షేక్ మహబూబ్‌బాషాలు ఉంటారు. ఒకే మనిషి పేరు ఒక కాగితంలో షేక్, ఇంకోదాంట్లో ఎస్‌కే, మరోదాంట్లో పేరు చివర షేక్ అని ఉంటుంది. మహమ్మద్, మొహమ్మద్, ఎండీ అన్నీ ఒకటేనని మనిషికి తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఊరి వీఆర్వో అయితే "ఈయన కొడుకు కదా" అని గుర్తుపట్టేవాడు. ఆ గుర్తుపట్టే మనిషిని పక్కన పెట్టి యంత్రానికి నిర్ణయం అప్పగిస్తే, తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలో కూడా తెలియదు. యంత్రం చెప్పిన "కాదు"ను ఒక మనిషి మళ్లీ పరిశీలించాలని అడిగే హక్కు అందుకే ముఖ్యం.

ఇంటి స్థాయిలో ఏం చేయొచ్చు?

1. ఇంట్లో సంపాదించే ప్రతి ఒక్కరూ తమ పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టి రాసుకోవాలి. వాటిలో రోజూ ఒకేలా చేసేవి ఏవి, మనిషిని చూసి, ఆలోచించి చేసేవి ఏవి? రెండో రకం పనుల్లో చెయ్యి తిరిగేలా చూసుకోవాలి.

2. ఆధార్, రేషన్, పాన్, పాస్‌పోర్టు, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూసుకోవాలి. తేడా ఉంటే పదో తరగతి ఫారం నింపకముందే సరిచేయించాలి.

3. పదో తరగతి తర్వాత ఐటీఐ, పాలిటెక్నిక్‌ను తక్కువగా చూడొద్దు. ఉర్దూ మీడియం పిల్లలకు కడపలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ ఉంది.

4. ఏఐని దూరం పెట్టకుండా పనికి వాడటం నేర్చుకోవాలి. దుకాణం లెక్క, ఇంగ్లీషు ఉత్తరం, ఇంటర్వ్యూ ప్రాక్టీసు దాంతో చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ భాషిణి లాంటి అనువాద సాధనాలు తెలుగు, ఉర్దూ రెండింట్లోనూ ఉన్నాయి. అయితే అది చెప్పింది సరిచూసుకోకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దు.

5. గల్ఫ్‌లో ఉన్న కొడుకు గొంతుతోనే ఫోన్ వచ్చి డబ్బు అడిగినా వెంటనే పంపొద్దు. ఏఐతో గొంతును నకలు చేయడం ఇప్పుడు సులువు. పెట్టేసి మీకు తెలిసిన నంబరుకు మీరే చేయండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

6. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు వేసవి సెలవుల్లో ఒక్క నెల బ్యాటరీ వాహనాల మెకానిజం, ఎలక్ట్రికల్, స్పోకెన్ ఇంగ్లీష్ తరగతులు పెట్టినా చాలు. ఫీజు కట్టి బయట నేర్చుకోలేనివాళ్లకు అదే మొదటి మెట్టు.

ప్రభుత్వం, యజమానుల వంతు

అన్నీ కుటుంబమే మోయాలంటే న్యాయం కాదు. యంత్రం వల్ల కంపెనీకి మిగిలే లాభంలో కొంత, ఆ యంత్రం పక్కన పెట్టిన కార్మికుడికి కొత్త పని నేర్పడానికి ఖర్చు కావాలి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. పెట్టుబడి పెద్దదే. అయితే డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమందికి పని దొరుకుతుంది, కట్టాక నడపడానికి కావలసినవాళ్లు చాలా తక్కువ. కాబట్టి ఎంత పెట్టుబడి వచ్చిందన్న దానితో పాటు, స్థానికులకు ఎన్ని శాశ్వత ఉద్యోగాలు, ఎంతమందికి శిక్షణ అని కూడా ప్రజలు అడగాలి. భూమి, నీళ్లు, కరెంటు ఇచ్చే జిల్లాలకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది.

దూదేకే విల్లు పోయినప్పుడు ఆ కుటుంబాలకు ముందుగా చెప్పినవాళ్లు లేరు, కొత్త పని నేర్పినవాళ్లూ లేరు. తెలిసేలోపే ఒక తరం కూలి పనుల్లోకి జారిపోయింది. ఈసారి మార్పు వస్తోందని ముందే కనబడుతోంది. శ్రీసిటీ నుంచి చెన్నైకి పోయే ఆ రైళ్లలో డ్రైవర్ సీటు ఉండకపోవచ్చు. వాటిని తయారుచేసే చోట, బాగుచేసే చోట, వాటి కంట్రోల్ రూమ్‌లో మాత్రం మనుషులు కావాలి. అక్కడికి చేరే చదువు, చేతిపని ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలకు అందించాలంటే ఇంకా నాలుగైదేళ్ల సమయం చేతిలో ఉంది.